పెంకు గట్టిగానే ఉంది, మరి కోడి ఎందుకు కూలబడుతోంది?

మీరు అడిగింది ఇదీ. కేజీల్లో (ఇనుప గూళ్లలో) పదివేల బీవీ 300 రకం గుడ్ల కోళ్లు, వయసు 29 వారాలు, ఉత్పత్తి 95 శాతం. పది రోజులుగా పొద్దున్నే షెడ్డులోకి వెళ్లేసరికి నాలుగైదు కోళ్లు పక్కకు ఒరిగి, కాళ్లు చాపుకుని లేవలేకుండా పడి ఉంటున్నాయి. ఒకటి రెండు చచ్చి కనిపిస్తున్నాయి. గుడ్డు పెంకు బాగానే ఉంది. ఫార్ములా ప్రకారం దాణాలో కాల్షియం 4 శాతం ఉంది. నీళ్లలో లిక్విడ్ కాల్షియం పోసినా తగ్గలేదు. కొక్కెర తెగులు (రాణిఖెత్ వైరస్ జబ్బు) ఏమోనని మీ అనుమానం.

లక్షణాలు చూస్తే ఇది కేజ్ లేయర్ ఫెటీగ్‌లాగే ఉంది, అంటే ఎముకల్లో సున్నం అడుగంటిన స్థితి. కొక్కెర తెగులైతే ఈ పాటికి ఉత్పత్తి 95 దగ్గర నిలిచేది కాదు. గుడ్లు ఒక్కసారిగా పడిపోతాయి, పెంకు రంగు, ఆకారం చెడతాయి, పచ్చటి రెట్ట, మెడ తిరగడం కనిపిస్తాయి. మీ కోళ్లు పడిపోయి కూడా చూపు చురుగ్గా ఉంది, నీళ్లు అందిస్తే తాగుతున్నాయి, కొన్ని పడుకునే గుడ్డు పెడుతున్నాయి. ఈ మూడూ ఎముక జబ్బునే చూపిస్తున్నాయి. అయినా కోసి చూడకుండా నిర్ధారించకూడదు. ఎలా చూడాలో కింద రాశాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. పెంకు గట్టిగా ఉంటే కోడికి కాల్షియం సరిపోతున్నట్టేనని చాలామంది రైతులు నమ్ముతారు. మంచి ఉత్పత్తి మీదున్న పెట్ట పెంకు విషయంలో రాజీపడదు, ఎముక కరిగించుకుని అయినా పెంకు కడుతుంది. పెంకు పలచబడటం చివరి మెట్టు. అది కనిపించేసరికి ఎముకల్లో చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. 25 నుంచి 35 వారాల మధ్య, ఉత్పత్తి శిఖరం మీద ఉన్నప్పుడే ఈ జబ్బు ఎక్కువగా రావడానికి కారణం ఇదే. బాగా పెట్టే కోడే ముందు కూలబడుతుంది.

లెక్క చూడండి. కోడి ఒంట్లో ఉన్న కాల్షియం మొత్తం కలిపితే సుమారు 20 గ్రాములు, దాదాపు అంతా ఎముకల్లోనే. ఒక గుడ్డు పెంకుకు 2 నుంచి 2.2 గ్రాములు కావాలి. అంటే రోజూ ఒంటి నిల్వలో పదోవంతు బయటికి పోతుంది. 320 గుడ్లు పెట్టేసరికి 650 గ్రాములకు పైగా, అంటే తన అస్థిపంజరాలు ముప్పై దాకా పెంకుల్లో పోసేసినట్టు. పోయినదంతా ఏ రోజుకారోజు దాణాలోంచి రావాలి.

కోడి పెట్టకు మాత్రమే, అదీ గుడ్డు పెట్టే కాలంలోనే, కాలి ఎముకల గుల్లలో మెడుల్లరీ ఎముక అనే మెత్తటి ఎముక తయారవుతుంది. బయటి గట్టి ఎముక ఇంటి గోడ అనుకుంటే ఇది లోపలి గాదె. తొలి గుడ్డుకు పది పధ్నాలుగు రోజుల ముందు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను పెరగగానే ఈ గాదె కట్టడం మొదలవుతుంది. పగలు దాణాలోంచి నింపుకుంటుంది, రాత్రి దాణా లేని వేళ పెంకు కోసం అందులోంచి తీస్తుంది. ఇక్కడే చిక్కుంది. అదే ఈస్ట్రోజెన్ వల్ల గోడ కట్టే పని ఆగిపోతుంది. తొలి గుడ్డు పెట్టిన రోజు నుంచి గుడ్లు మానేదాకా గట్టి ఎముక కొత్తగా దాదాపు పెరగదు. ఎముకను కరిగించే కణాలకేమో గోడ ఏదో గాదె ఏదో తేడా తెలియదు, గాదె ఖాళీ అయినప్పుడల్లా గోడను గీకుతాయి. ఆ గీకిన గోడ మళ్లీ పూడదు. అందుకే గట్టి ఎముక పెరగాల్సిన కాలం పిల్ల దశ, గుడ్డుకు రాకముందు ఎదిగే గ్రోయర్ దశ. గుడ్లు పెట్టే లేయర్ దశలో మనం చేయగలిగేది ఉన్నదాన్ని కాపాడటమే.

ఇక కోసి చూడటం. పొద్దున చచ్చినవాటిలో తాజావి నాలుగైదు తీసుకోండి. గర్భసంచిలో గుడ్డు ఉందా, దాని పెంకు ఏ దశలో ఉందో చూడండి. సగం కట్టిన పెంకుతో గుడ్డు లోపలే ఉండి, అండాశయంలో పచ్చసొనలు నిండుగా ఉండి, వేరే అవయవాల్లో ఏమీ లేకపోతే రాత్రి పెంకు కట్టే వేళ రక్తంలో కాల్షియం పడిపోయి చచ్చిందని అర్థం. తరవాత పక్కటెముకలు. వెన్ను వైపు భాగం, రొమ్ము వైపు భాగం కలిసే చోట పూసల్లా బుడిపెలున్నాయా? పక్కటెముకలు లోపలికి కుంగాయా? రొమ్ము మధ్యలో పడవ అడుగులా ఉండే కీల్ ఎముక నిటారుగా ఉందా, వంకర తిరిగిందా? పక్కటెముకను, కాలి ఎముకను విరిచి చూడండి. రబ్బరులా వంగితే భాస్వరం గానీ విటమిన్ డీ3 గానీ చాలలేదన్నమాట, ఎముక గట్టిపడే పనే జరగడం లేదు. గుడ్డు పెంకులా పలచగా చటుక్కున విరిగితే చాలాకాలంగా ఎముక తరిగిపోతోందన్నమాట. రెక్కల మధ్య వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగినా కాళ్లు పడిపోతాయి, వెన్ను పొడవునా వేలితో తడిమి చూడండి.

అదే కోతలో మిగతావి తోసిపుచ్చండి. తొడ లోపలి నరం ఒకవైపు లావెక్కి, పసుపు తిరిగి ఉంటే మారెక్స్ అనే వైరస్ జబ్బు. కాలేయం కొవ్వు పట్టి పగిలి పొట్టలో రక్తపు గడ్డ ఉంటే ఫ్యాటీ లివర్, అందులో తలమీది ఎర్ర జుట్టు తెల్లగా పాలిపోతుంది. సాయంత్రం వేళ నోరు తెరిచి చచ్చినవి వడదెబ్బవి. మెడ వేలాడిపోయి ఈకలు చేత్తో లాగితే ఊడివస్తే బొటులిజం, అంటే కుళ్లిన వాటిలోని విషం. కిడ్నీలు వాచి తెల్లటి సుద్ద పేరుకుంటే అది వేరే కథ, దాని గురించి గ్రోయర్ దగ్గర చెబుతాను. పడిపోయినా బతికున్న కోడి ఒకదాన్ని మీ దగ్గరి వెటర్నరీ ల్యాబుకు పంపితే అనుమానం పూర్తిగా తీరుతుంది.

ఇవాళే చేయాల్సినవి చెబుతాను. పడిపోయిన కోడిని కేజిలో వదిలేయకండి. దానికి నీళ్ల నిపుల్ అందదు, తొట్టి అందదు, పక్క కోళ్లు తొక్కుతాయి. చాలా కోళ్లు ఈ జబ్బుతో కాదు, దాహంతో చస్తాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి వరసా పై అంతస్తుతో సహా చూసి, పడినవాటిని రెండు చేతులతో ఒంటి కింద పట్టి తీయాలి, కాలు పట్టి లాగితే ఉన్న ఎముకా విరుగుతుంది. వరిపొట్టు పరిచిన నేల మీద, నీడలో వేరే గదిలో ఉంచి, లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు, దాణా, విడిగా సముద్రపు గుల్ల ముక్కలు దాని ముక్కు దగ్గరే పెట్టండి. విరిగినవి లేకపోతే చాలావరకు మూడు రోజుల నుంచి వారంలో లేచి తిరుగుతాయి. నేల మీద కోలుకోవడమే ఇది అంటురోగం కాదనడానికి గట్టి ఆధారం. నాలుగైదు రోజులకూ లేవనిదాన్ని, ఎముక పొడుచుకొచ్చినదాన్ని బాధతో ఉంచడం తప్పు. పని తెలిసిన మనిషితో మెడ విడదీసి వెంటనే బాధ తీర్చాలి.

మంద మొత్తానికి ఏడెనిమిది రోజులు సాయంత్రం దాణా మీద షెల్ గ్రిట్, అంటే ఆ గుల్ల ముక్కలే చల్లండి. కోడికి 3 గ్రాములు, అంటే మీ పదివేలకు రోజుకు 30 కిలోలు. మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్యే వేయాలి, ఆ వేళకు కారణం ఉంది. గుడ్డు పొద్దున పెట్టిన అరగంటకు తరవాతి సొన విడుదలవుతుంది. అది నాలుగైదు గంటలకు గర్భసంచి చేరుతుంది. పెంకు కట్టడం సాయంత్రం ఊపందుకుని రాత్రంతా సాగుతుంది. కోడికి కూడా కాల్షియం మీద ఆకలి సాయంత్రమే ఎక్కువ. పొద్దున పడిపోయినవి ఎక్కువ కనిపించడానికి కారణం కూడా ఆ రాత్రి పనే. దీంతోపాటు నీళ్లలో డీ3 గానీ, కాలేయం పని తప్పించే 25 హైడ్రాక్సీ డీ3 గానీ డబ్బా మీద రాసిన మోతాదులో మూడు నుంచి ఐదు రోజులు ఇవ్వండి. రెండూ కలిపి, మోతాదు రెట్టించి వేయవద్దు. డీ3 మితిమీరితే కిడ్నీల్లో సున్నం పేరుకుంటుంది.

లిక్విడ్ కాల్షియం ఎందుకు పనిచేయలేదో మీరే లెక్కేసుకోవచ్చు. డబ్బా మీద లీటరుకు కాల్షియం ఎంతో చూడండి. ఉదాహరణకు లీటరులో 20 గ్రాములుంటే, రోజుకు 5 లీటర్లు పోసినా 100 గ్రాములు. పదివేల కోళ్లకు పంచితే తలా 0.01 గ్రాము. కోడికి రోజుకు కావలసింది 4.2 నుంచి 4.5 గ్రాములు. పైగా దాంట్లోని తీపి పదార్థాలకు పైపుల్లో జిగురు పట్టి నిపుళ్లు మూసుకుపోతాయి. ఆ డబ్బుతో గుల్ల కొనండి.

ఇక అసలు కారణం వెతకాలి. ఫార్ములా కాగితం మీద 4 శాతం అని రాసి ఉండటానికీ, రాత్రి పెంకు కట్టే వేళ కోడి పేగులో కాల్షియం ఉండటానికీ మధ్య నాలుగైదు చోట్ల జారిపోవచ్చు.

మొదటిది, కోడి ఎంత తింటోంది? పదివేల కోళ్లకు వేసిన దాణాను వారం పాటు తూకం వేసి, మిగిలింది, ఒలికింది తీసేసి తలసరి చూడండి. 110 గ్రాములు తింటే 4 శాతం దాణాలో 4.4 గ్రాముల కాల్షియం. అదే ఎండల్లో 90 గ్రాములకు పడితే 3.6. తిన్నదాంట్లో ఒంటికి పట్టేది సగం పైచిలుకు, అంటే 2 గ్రాములు. ఆ రెండూ పెంకుకే చాలవు. శాతం మారలేదు, కోడికి అందేది మాత్రం దాదాపు అయిదో వంతు తగ్గింది. కాబట్టి కాల్షియాన్ని శాతంలో కాదు, రోజుకు కోడికి గ్రాముల్లో లెక్కపెట్టుకోవాలి. గోదావరి జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో తడి ఉక్కకు కోళ్లు రొప్పుతాయి. రొప్పితే బొగ్గుపులుసు వాయువు ఎక్కువ పోయి రక్తం క్షారంవైపు తిరుగుతుంది, పెంకుకు పనికొచ్చే రూపంలోని కాల్షియం, కార్బొనేటు రెండూ తగ్గుతాయి. అందుకే ఎండకాలం కాల్షియం శాతాన్ని 4.3, 4.4 దాకా పెంచి, దాణా ఎక్కువ భాగం చల్లటి వేళల్లో, అంటే తెల్లవారుజామునా సాయంత్రం వేయాలి.

రెండోది, కాల్షియం కోసం దాణాలో వేసే సున్నపురాయిలో కాల్షియం నిజంగా 38 శాతం ఉందా? ఒక టన్ను దాణాలో 100 కిలోల సున్నపురాయి, 10 కిలోల డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) వేశారనుకోండి. రాయిలో 38 శాతం ఉంటే దాని నుంచి 38 కిలోలు, డీసీపీ నుంచి 2.3 కిలోలు, మిగతా దినుసుల నుంచి ఓ 0.8 కిలోలు, వెరసి 4.1 శాతం. అదే రాయి ఇసుక కలిసి 34 శాతమే ఉంటే మొత్తం 3.7. కోడి 95 గ్రాములే తింటే 3.5 గ్రాములు. ఈ రెండు చిన్న తేడాలు కలిస్తే చాలు, మీ షెడ్డులో కనిపిస్తున్నది జరుగుతుంది.

దీనికి ల్యాబే అక్కర్లేదు. ఎండబెట్టిన గ్రిట్ 10 గ్రాములు తూచి గాజు గ్లాసులో వేసి, పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోయండి. ఆరుబయట, చేతికి గ్లోవ్స్ వేసుకుని చేయాలి. బుడగలు ఆగేదాకా పోసి, వడకట్టి, కడిగి, అడుగున మిగిలింది ఎండబెట్టి తూచండి. అర గ్రాములోపు మిగిలితే సరుకు మంచిది. ఒక గ్రాము దాటితే పదో వంతు ఇసుకే కొన్నట్టు. చల్లటి వెనిగర్‌లో వేస్తే బుడగలు చురుగ్గా రాకుండా చాలా నెమ్మదిగా వస్తే డోలమైట్ రాయేమోనని అనుమానించి మెగ్నీషియం పరీక్ష చేయించండి. మెగ్నీషియం ఎక్కువున్న రాయి వేస్తే రెట్ట పలచబడుతుంది, కాల్షియం ఒంటపట్టదు. సముద్రపు గుల్లకైతే ఉప్పు, ఇసుక సమస్య. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే వాడాలి.

మూడోది ముక్క సైజు. మీ ప్రశ్నలో దీని ప్రస్తావనే లేదు గానీ నా అనుమానం ఎక్కువగా దీనిమీదే. పొడి చేసిన రాయి రెండు మూడు గంటల్లో కరిగి పేగు దాటిపోతుంది. 2 నుంచి 4 మిల్లీమీటర్ల గరుకు ముక్క కందనకాయలో నిలబడి, రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతూ కాల్షియం అందిస్తుంది. దీపాలు ఆపాక కందనకాయలో గ్రిట్ ఉంటే కోడి గాదె జోలికి తక్కువగా పోతుంది. మీ వయసు కోళ్లకు మొత్తం రాయిలో కనీసం సగం గరుకుది ఉండాలి, 50 వారాలకు 60 శాతం, 65 వారాలు దాటాక 65 నుంచి 70 శాతం. మిక్సర్ దగ్గర పనివాళ్లు దొరికిన బస్తా వేసేస్తే, కొన్ని వారాలు అంతా పొడే పడుతుంది. పైన చెప్పిన కోతలో కందనకాయ కూడా కోసి చూడండి. పొద్దున చచ్చిన కోడి కందనకాయలో ఒక్క గ్రిట్ ముక్క లేకపోతే సగం జవాబు దొరికినట్టే.

గరుకు గ్రిట్‌తో వచ్చే చిక్కు, బరువుకి అది అడుగుకి దిగిపోవడం. ట్రాలీ కుదుపులకు మొదటి కేజీల్లో ఒక తీరు దాణా, చివరి కేజీల్లో ఇంకో తీరు పడుతుంది. పడిపోయే కోళ్లు ఏ వరసల్లో, ఏ కొసన ఉన్నాయో నాలుగు రోజులు రాసి పెట్టండి. ఒకే కొసన గుమిగూడితే తప్పు పంపకంలోనే. తొట్టి మొదట్లో, మధ్యలో, చివర కిలో చొప్పున దాణా తీసి, నీళ్లలో బియ్యం గాలించినట్టు గాలించి, అడుగున మిగిలిన రాయిని ఎండబెట్టి తూచండి. మూడు చోట్లా దగ్గరదగ్గరగా 50 గ్రాముల పైన గరుకు గ్రిట్ రావాలి. తేడా ఎక్కువుంటే దాణాలో టన్నుకు 5 నుంచి 10 కిలోల నూనె కలిపితే పొడి పట్టుకుంటుంది, లేదా గ్రిట్‌లో కొంత భాగం సాయంత్రం విడిగా చల్లే పద్ధతికి మారండి. కూలీ దొరికే ఫారాలకు రెండోదే మేలని నా అభిప్రాయం.

నాలుగోది భాస్వరం. దీన్ని రైతులు మర్చిపోతారు, ఖరీదని డీసీపీ కోసేస్తారు. ఎముక కరిగినప్పుడు కాల్షియంతోపాటు భాస్వరం కూడా బయటికొస్తుంది. కాల్షియం పెంకుకు పోతుంది, భాస్వరం మూత్రంలో పోతుంది. మర్నాడు గాదె తిరిగి నింపాలంటే రెండూ కావాలి. శిఖరం మీద ఉన్న కోళ్లకు లభ్య భాస్వరం 0.40 నుంచి 0.45 శాతం ఉండాలి. మన వైపు నూనె తీసిన తవుడు ఎక్కువ వాడతాం. తవుడులో భాస్వరం కాగితం మీద చాలా ఉంటుంది గానీ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బందీగా ఉంటుంది, కోడికి అందదు. దాన్ని విడిపించడానికే ఫైటేజ్ అనే ఎంజైమ్. గ్రాముకు 5,000 యూనిట్ల ఫైటేజ్ టన్నుకు 100 గ్రాములు కలిపితే కిలో దాణాకు 500 యూనిట్లు. దాని నుంచి ఆశించదగ్గది 0.10 నుంచి 0.12 శాతం లభ్య భాస్వరం, అంతకు మించి లెక్కలో వేసుకోకండి. పాత స్టాకు, ఎండలో పెట్టిన డ్రమ్ము అయితే అదీ రాదు. డీసీపీ సంచి మీద భాస్వరం 18 శాతం అని ఉన్నా, కొత్త సరఫరాదారు దగ్గర కొన్న ప్రతిసారీ ల్యాబులో భాస్వరం, ఫ్లోరిన్ చూపించండి. రాక్ ఫాస్ఫేట్ కలిపిన సరుకులో ఫ్లోరిన్ ఎక్కువుండి ఎముకనే పాడుచేస్తుంది. ఈ వారం పాటు డీసీపీని టన్నుకు 2, 3 కిలోలు పెంచి చూడండి. విరిచిన ఎముక వంగిపోతుంటే ఇది తప్పనిసరి.

అయిదోది డీ3. కిలో దాణాకు 3,000 నుంచి 3,500 ఐయూ ఉంటే చాలు. కానీ డీ3 ఉండే విటమిన్ల ప్రీమిక్స్ పాతబడినా, ఖనిజ మిశ్రమంతో కలిపి నెలల తరబడి గోదాములో ఉంచినా బలం పోతుంది. ఇంకొకటి, డీ3 పనిచేయాలంటే ముందు కాలేయంలో, తరవాత కిడ్నీలో మారాలి. తేమ 14 శాతం దాటిన మొక్కజొన్నలో, బూజు పట్టిన నూకల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తే ఎంత డీ3 వేసినా వృథా. మీరు కోసిన కోళ్ల కాలేయాలు పసుపు తిరిగి పెళుసుగా ఉంటే కాల్షియం వదిలి మొక్కజొన్న వైపు చూడండి.

రాత్రి మధ్యలో ఒక గంట దీపం వేయడం మంచి ఉపాయం. రాత్రి 9కి దీపాలు ఆపి తెల్లవారి 5కి వేసే పద్ధతిలో 12.30 నుంచి 1.30 దాకా దీపం వేయండి. ముందూ వెనకా కనీసం మూడేసి గంటల చీకటి ఉండాలి, అప్పుడే కోడి దాన్ని పొడిగించిన పగలుగా లెక్కించదు. దీపం వేసే ముందే తొట్టిలో దాణా, గ్రిట్ ఉండాలి, నీళ్లు చల్లగా ఉండాలి. సరిగ్గా పెంకు కట్టే వేళకు కోడి 2 నుంచి 5 గ్రాములు అదనంగా తింటుంది. ఎండకాలం ఇది మరీ మేలు. మానేయాలనుకుంటే ఒక్కసారి ఆపకుండా వారానికి 15 నిమిషాలు తగ్గించుకుంటూ రండి.

ఇవన్నీ చేశాక వారం పది రోజుల్లో కొత్తగా పడేవి తగ్గాలి. తగ్గకపోతే దాణా, నీళ్లు, రాయి మూడూ ల్యాబుకు పంపండి. దాణా నమూనా మిక్సర్ దగ్గరది కాదు, తొట్టిలోది.

వచ్చే బ్యాచ్ మాట కూడా ఇప్పుడే చెప్పాలి, ఈ జబ్బుకు సగం విత్తనం అక్కడే పడుతుంది. ఎముకల చట్రం 12 వారాలకే దాదాపు 95 శాతం పూర్తవుతుంది. ఆ తరవాత బరువు పెరిగినా చట్రం పెరగదు. 6 వారాలకు, 12 వారాలకు వందకు తగ్గకుండా కోళ్లను విడివిడిగా తూచి బ్రీడర్ చార్టుతో పోల్చండి. సగటుకు పది శాతం అటూఇటూ ఉన్నవి మందలో 80 శాతం పైగా ఉండాలి. వెనకబడ్డవాటిని వేరుచేసి మేపాలే గానీ, వయసు వచ్చింది కదాని దీపాలు పెంచి గుడ్డుకు తొందరపెట్టకూడదు. బరువు రాని పుల్లెట్‌కు (గుడ్డుకు రాబోయే పడుచు పెట్టకు) గాదె కట్టకముందే గుడ్డు మొదలైతే అది బతికినన్నాళ్లూ ఎముకలో లోటుతోనే ఉంటుంది.

గ్రోయర్ దాణాలో కాల్షియం 1 శాతం చాలు. 16 వారాల దగ్గర, జుట్టు ఎర్రబడటం మొదలవగానే 2 నుంచి 2.5 శాతం కాల్షియం ఉన్న ప్రీలే (గుడ్డుకు ముందు వేసే) దాణాకు మారాలి. అందులోనూ కొంత గరుకు ముక్క ఉండాలి. గాదె కట్టుకునేది ఈ రెండు వారాల్లోనే. 5 శాతం ఉత్పత్తి కనిపించగానే లేయర్ దాణాకు మారిపోండి. ప్రీలే మీద 20 శాతం దాకా సాగదీస్తే ముందుగా పెట్టే మంచి కోళ్లే నష్టపోతాయి. దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. దాణా మిగిలిందని 11, 12 వారాల పిల్లకు లేయర్ దాణా వేయడం. ఆ వయసులో 4 శాతం కాల్షియాన్ని కిడ్నీలు భరించలేవు, రాళ్లు కట్టి, సుద్ద పేరుకుని కొన్ని నెలల తరవాత గౌట్‌తో చస్తాయి. కోతలో కిడ్నీ తెల్లగా ఉంటే చూడమన్నది అందుకే.

ఎముకకు బరువు మోస్తేనే బలం. నేల మీద తిరిగి, ఎగిరి పెరిగిన పుల్లెట్ ఎముక, చిన్నప్పటి నుంచి కేజిలో పెరిగినదానికంటే గట్టిది. కేజిలో కదలిక లేకపోవడమే ఈ జబ్బుకు ఆ పేరు తెచ్చింది, 1950ల్లో కోళ్లను కేజీలకు ఎక్కించిన కొత్తలోనే దీన్ని గుర్తించారు. 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు కేజిలో నాలుగు కోళ్లు వేస్తే తలా 435 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మూడే వేస్తే 580. మన దేశంలో గుడ్ల కోళ్ల కోసం 2023లో తెచ్చిన నిబంధనలు అడిగేది 550. కొత్త కేజీలు కొనేవాళ్లు ఇప్పుడే ఆ కొలతకు కొనడం తెలివైన పని. చోటు పెరిగితే బలహీనమైన కోడికి కూడా తొట్టి దొరుకుతుంది, ఫెటీగ్‌కు అది చిన్న విషయం కాదు.

కేజి తీసేస్తే ఎముక సమస్యలన్నీ పోతాయని అనుకోకండి. యూరప్‌లో 2012 జనవరి 1 నుంచి మామూలు బ్యాటరీ కేజీలను నిషేధించాక చాలామంది కేజీలు లేని అంతస్తుల మెట్ల షెడ్లకు మారారు. ఆ షెడ్లలో కోళ్ల కాళ్లు, రెక్కల ఎముకలు గట్టిపడ్డాయి. కానీ దూకడంలో, గుద్దుకోవడంలో కీల్ ఎముక విరగడం పెద్ద సమస్య అయింది. చాలా మందల్లో చివరికి సగం పైగా కోళ్లకు కీల్ విరిగి ఉంటోంది. కీల్ కొస మృదులాస్థిగా ఉండి, పూర్తిగా గట్టిపడటానికి 35, 40 వారాలు పడుతుంది. ఈలోపే గుడ్డు మొదలవుతుంది. కీల్ విరిగిన కోడికి నొప్పి మందు ఇస్తే దాని కదలిక మెరుగుపడటం పరిశోధనల్లో చూశారు, అంటే అది ఓర్చుకుంటోందే గానీ నొప్పి లేక కాదు. మన దగ్గర ఇప్పుడు కేజీలు లేకుండా నేల మీద గుడ్ల కోళ్లు పెంచడం మొదలుపెట్టేవాళ్లు కోళ్లు ఎక్కి కూర్చునే పెర్చ్ కర్రలు తక్కువ ఎత్తులో పెట్టి, పై అంతస్తు నుంచి కిందికి ఏటవాలు పలకలు వేయాలి. కోడి నడిచి దిగితే విరగడం తగ్గుతుంది. పలకలకు పిల్ల దశలోనే అలవాటు చేయాలి, పెద్దయ్యాక నేర్చుకోదు.

చివరగా, ముదురు కోళ్లు లోడింగ్ చేసే రోజు. ఆ వయసుకు గోడలు బాగా పలచబడి ఉంటాయి. 1989లో బ్రిటన్‌లో బ్యాటరీ కేజీల నుంచి తీసిన ముదురు కోళ్లను చూస్తే, పట్టి, రవాణా చేసి, వేలాడదీసేసరికే 29 శాతం కోళ్లకు ఎక్కడో ఒక ఎముక విరిగి ఉంది. మన దగ్గర ఒక్క కాలు పట్టి కేజి తలుపులోంచి గుంజి, చేతికి అయిదారు తలకిందులుగా వేలాడదీసే పద్ధతిలో అంతకంటే తక్కువ ఉంటుందనుకోలేం. చెప్పి చేయిస్తే మార్చగలిగింది ఇది. తలుపు పూర్తిగా తెరిచి, రెండు కాళ్లూ కలిపి పట్టి, రొమ్ము తొట్టి అంచుకు తగలకుండా రెండో చేత్తో కింద ఆసరా ఇచ్చి ఒక్కొక్కటిగా తీయాలి. చేతికి మూడు మించకూడదు. రాత్రి, తక్కువ వెలుతురులో పట్టితే రెక్కలు కొట్టుకోవు. క్రేట్ షెడ్డు వరసల మధ్యకే తేవాలి, కోళ్లను క్రేట్ దగ్గరికి విసరకూడదు. మేస్త్రీతో కూలి మాట్లాడేటప్పుడే ఈ పద్ధతికి ఒక గంట ఎక్కువ పడుతుందని చెప్పి, ఆ గంటకు విడిగా డబ్బు ఒప్పుకోండి. లేకపోతే ట్రేడర్ లారీ తొందరకు మళ్లీ ఒక్క కాలు పట్టే లాగుతారు.